పెదవి మీది పొక్కులు భార్యకు అంటుతాయా? – సమాధానం

ఏడాదికి రెండు మూడుసార్లు పెదవి అంచున నీటిపొక్కులు లేస్తున్నాయి, అవి మీ ఆవిడకు జననాంగాల దగ్గర అంటుతాయా అని అడిగారు. అంటుతాయండి. జ్వరం పొక్కులని తేలిగ్గా తీసిపారేసేవి చాలావరకు హెర్పిస్ సింప్లెక్స్ టైప్-1 వైరస్ వల్ల వచ్చేవే. ముద్దుతో పెదవికి, నోటితో చేసే సంభోగంతో జననాంగాలకు పాకుతుంది. ఇక్కడ వైరస్ ఉన్నది మీ నోట్లో, కాబట్టి మీరు కండోమ్ తొడుక్కున్నా ఈ దారి మూసుకోదు.

అందరూ పొరబడేది ఒక్కచోటే: పొక్కు కనిపించాక జాగ్రత్తపడతారు. పెదవి చురచురలాడినప్పుడే ఆపాలి. చెక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా, అంటే దాదాపు 7–10 రోజులు, ముద్దులు, నోటి సంభోగం రెండూ వద్దు. పొక్కు లేని రోజుల్లోనూ లాలాజలంలో వైరస్ అప్పుడప్పుడు ఉంటుంది. ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఈ సంగతి ఆవిడకు ముందే చెప్పండి, అది ఆమె హక్కు.

డాక్టరుతో ముందే మందు రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి. పెద్దవాళ్లకు మామూలు మోతాదు చురచుర మొదలవగానే వాలసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు, అంతే. పొక్కు లేచాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి.

పొక్కు ముట్టుకున్న చేత్తో కన్ను నలపకండి, సబ్బుతో కడుక్కోండి. నోటి లోపల వచ్చే నోటిపూత వేరు, అది అంటదు. ఆవిడ గర్భిణి అయితే మాత్రం గైనకాలజిస్టుకు ఇప్పుడే చెప్పండి: చివరి 3 నెలల్లో జననాంగాలకు తొలిసారి సోకితే పుట్టే బిడ్డ ప్రాణానికే ప్రమాదం.