స్లయిడ్లు వచ్చాయి, పాట రాలేదు

ప్రశ్న: స్కూలు వార్షికోత్సవానికి నిరుటి పవర్‌పాయింట్ ఫైలునే తీసుకుని మూడు వీడియోలు, ఒక పాట చేర్చాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడాయి. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే స్కూలు కంప్యూటర్‌లో పాట లేదు, రెండు వీడియోలు తెరుచుకోలేదు. మూడోదాన్ని పెన్‌డ్రైవ్‌లో విడిగా కూడా పట్టుకెళ్లాను, దాన్ని నేరుగా తెరిస్తే మాటలు వినిపిస్తున్నాయి గానీ బొమ్మ నల్లగా ఉంది. తెలుగు అక్షరాలూ పిచ్చిగీతల్లా వచ్చాయి. ఫైలు సైజు 6 ఎంబీ. రెండూ కొత్త పవర్‌పాయింట్లే.
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: మూడు వీడియోలున్న ఫైలు 6 ఎంబీయే ఉందంటే వీడియోలు అందులో లేవన్నమాట. అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామా మాత్రమే ఉంది. ఆ ఫోల్డరు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. పవర్‌పాయింట్ 2010 నుంచి వీడియో, పాట మామూలుగా ఫైల్లోకే చేరిపోతాయి. కానీ మీ నిరుటి ఫైలు చివర .పీపీటీ అని ఉండి ఉంటుంది. ఆ పాత పద్ధతిలో వీడియోకు లింకే.

ఇంట్లో, అసలు వీడియోలున్న ల్యాప్‌టాప్‌లోనే ఫైలు తెరిచి, ఫైల్ మెనూలో ఇన్ఫోకి వెళ్లి కన్వర్ట్ నొక్కండి. .పీపీటీఎక్స్‌గా మారుతుంది. అదే పేజీలో కుడివైపు కింద ‘ఎడిట్ లింక్స్ టు ఫైల్స్’ కనిపిస్తుంది. అందులో ఒక్కొక్క వీడియోనూ, పాటనూ ఎంచుకుని ‘బ్రేక్ లింక్’ నొక్కండి. పేరు చూసి భయపడకండి, తెగేది లింకే. వీడియో లోపలికి వచ్చి కూర్చుంటుంది. సేవ్ చేశాక సైజు అమాంతం పెరగాలి. పెరగకపోతే ఆ స్లయిడ్‌లో వీడియో తీసేసి ఇన్‌సర్ట్, వీడియో, దిస్ డివైస్ దారిలో మళ్లీ పెట్టండి. అక్కడ ఇన్‌సర్ట్ బటన్ పక్క బాణంలో ఉండే ‘లింక్ టు ఫైల్’ జోలికి మాత్రం పోవద్దు.

నల్లబొమ్మ జబ్బు వేరు. ఫోన్లో తీసిన వీడియో హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో ఉండి ఉంటుంది. దాన్ని చదివే చిన్న సాఫ్ట్‌వేర్ (కోడెక్) మీ ల్యాప్‌టాప్‌లో ఉంది, స్కూల్లో లేదు. శబ్దం ఏఏసీ అనే మామూలు పద్ధతిలో ఉంది కాబట్టి వినిపించింది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘ఫాస్ట్ 1080పీ30’ ఎంచుకుని మార్చుకుంటే హెచ్.264 ఎంపీ4 వస్తుంది, అది ఎక్కడైనా ఆడుతుంది. ఇకపై తీసేవాటికి ఐఫోన్ అయితే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకోండి.

అక్షరాలు అను ఫాంట్‌లో కొట్టి ఉంటారు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని చోట అంతే. ఫైల్ మెనూ ఆప్షన్స్, సేవ్‌లో ఫాంట్‌ను ఫైల్లోనే చేర్చే ‘ఎంబెడ్ ఫాంట్స్’ టిక్ ఉంది గానీ కొన్ని ఫాంట్లు దానికి ఒప్పుకోవు. యూనికోడ్ ఫాంట్లయిన గౌతమి లేదా నిర్మలా యూఐలో మళ్లీ టైపు చేయడమే నికరం.

బయల్దేరే ముందు ఒక పరీక్ష: ల్యాప్‌టాప్‌లో వీడియోల ఫోల్డరు పేరు మార్చేసి స్లయిడ్‌షో ఆడించండి. అప్పుడూ ఆడితే లోపలున్నట్టే. స్కూల్లో పెన్‌డ్రైవ్ నుంచే ఆడించకుండా డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోండి. అంతా సరిగా ఉండీ శబ్దం రాకపోతే, హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే ధ్వని ప్రొజెక్టర్‌కి మళ్లిందేమో టాస్క్‌బార్‌లోని స్పీకరు గుర్తు నొక్కి చూడండి.

ప్రశ్న: ఆ ఫైలునే మెయిల్‌లో పంపాలంటే పోవడం లేదు.

జవాబు: జీమెయిల్ హద్దు 25 ఎంబీ. ఇన్ఫోలో ‘కంప్రెస్ మీడియా’ నొక్కి 720పీ ఎంచుకోండి, హాలు తెరకు అది సరిపోతుంది. నాణ్యత తగ్గుతుంది కాబట్టి ముందు ఒక నకలు దాచుకోండి. అయినా పెద్దదైతే గూగుల్ డ్రైవ్ లింకు పంపండి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపాలి. జిప్ చేసి పంపితే, అవతలివారిని ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేసి ఆ తర్వాతే తెరవమనండి. అవతల పవర్‌పాయింటే లేకపోతే ఎక్స్‌పోర్ట్‌లో ‘క్రియేట్ ఎ వీడియో’ ఉంది. కాకపోతే క్లిక్‌లు పోయి, మీరు సమయం పెట్టని ప్రతి స్లయిడూ 5 సెకన్లకు దానంతటదే కదులుతుంది.