టాటెన్‌హామ్ స్టేడియం: ఏ సౌకర్యం ఎందుకోసం?

ఆధునిక ఫుట్‌బాల్ స్టేడియంలో కొత్తగా ఏముంటుందని, లండన్ వచ్చే తల్లిదండ్రులను టాటెన్‌హామ్ స్టేడియానికి తీసుకెళ్లవచ్చా అని మీరు అడిగారు. ఇక్కడే ఉంటూ ఆ స్టేడియంలో మ్యాచ్‌లు చూసినవాడిగా సమాధానం రాస్తున్నాను. టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే లండన్ ఫుట్‌బాల్ జట్టు తన పాత వైట్ హార్ట్ లేన్ మైదానాన్ని కూల్చి, దాదాపు అదే స్థలంలో కట్టిన ఈ స్టేడియం 2019 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఇందులో 62,850 మంది కూర్చోవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సౌకర్యం, కూర్చున్న చోటి నుంచి ఆట కనిపించే తీరు. దక్షిణపు స్టాండ్ 17,500 సీట్లతో, మధ్యలో అంతస్తుల విభజన లేకుండా ఒకే వాలుగా పైకి లేస్తుంది. వాలు బాగా నిటారుగా ఉండడం వల్ల ముందువారి తల అడ్డు రాదు. మొదటి వరుసకూ మైదానానికీ మధ్య కొన్నిచోట్ల అయిదు మీటర్లు కూడా ఉండదు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసినవారికి, ఆటకూ మనకూ మధ్య పరుగుపందేల ట్రాక్ లేకపోవడం ఎంత తేడానో ఇక్కడ వెంటనే తెలుస్తుంది.

అయితే తల్లిదండ్రులకు మాత్రం ఆ స్టాండ్ వద్దు. 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో 97 మంది మరణించాక, ఇంగ్లండ్‌లోని పెద్ద స్టేడియాలలో అందరూ కూర్చునే చూడాలన్న నిబంధన వచ్చింది. 2022 నుంచి, ముందు కడ్డీలు అమర్చిన సీట్లున్న చోట నిలబడేందుకు అనుమతి ఇస్తున్నారు. దక్షిణపు స్టాండ్‌లో అభిమానులు ఆటంతా నిలబడే ఉంటారు. తూర్పు లేదా పడమటి స్టాండ్‌లో టికెట్ తీసుకోండి.

దక్షిణపు స్టాండ్‌లోని బార్ పొడవు 65 మీటర్లని, గ్లాసు అడుగు నుంచి బీరు నిండుతుందని చాలామంది వింతగా చెబుతారు. దాని వెనుక కారణముంది: 1985 నాటి చట్టం ప్రకారం మైదానం కనిపించే చోట మద్యం తాగకూడదు కనుక, పదిహేను నిమిషాల విరామంలోనే వేలమంది కొని, తాగి, సీట్లకు చేరాలి. నగదు తీసుకోరు, కార్డు తప్పనిసరి. ఏ4 కాగితం కన్నా పెద్ద సంచిని లోపలికి అనుమతించరు.

ప్రేక్షకుడి కంటపడని ఏర్పాటు మరొకటి ఉంది. పచ్చిక మైదానం ఒక్కొక్కటి మూడు వేల టన్నులకు పైగా బరువున్న మూడు భాగాలుగా విడిపోయి, దక్షిణపు స్టాండ్ కిందికి అరగంటలోపే జరిగిపోతుంది. అడుగున అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కృత్రిమ పచ్చిక సిద్ధంగా ఉంటుంది. సుమారు వంద కోట్ల పౌండ్లతో కట్టినదాన్ని సొంత జట్టు మ్యాచ్‌లకే పరిమితం చేస్తే గిట్టుబాటు కాదు. అలాగని ఆ ఆటలకూ సంగీత కచేరీలకూ అసలు పచ్చికనే వాడితే అది పాడవుతుంది.

ఖరీదైన లాంజ్ టికెట్లు, నన్నడిగితే, అనవసరం. భోజనం ఎంత బాగున్నా ఆట అందరికీ ఒకటే. మ్యాచ్ ముగిశాక దగ్గరలోని వైట్ హార్ట్ లేన్ స్టేషన్ వద్ద పెద్ద క్యూ ఉంటుంది. నడవగలిగినవారు అరగంట దూరంలోని సెవెన్ సిస్టర్స్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. పెద్దవారితో వెళ్తే జనం పలచబడేదాకా లోపలే కూర్చోవడం సుఖం.