గ్యాస్ పీల్చి కోలుకున్న మనిషికి వారాల తర్వాత మతిమరుపు వస్తుందా?

మూడు వారాల కిందట జనరేటర్ పొగకు స్పృహ తప్పిన మీ నాన్నగారు ఆసుపత్రి నుంచి మామూలుగానే ఇంటికొచ్చారనీ, ఇప్పుడు మాట తగ్గిపోయి అన్నీ మర్చిపోతున్నారనీ రాశారు. అవునండీ, అది ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ వల్లే అయ్యుండొచ్చు. వయసు అనో దిగులు అనో ఆగకండి, వెంటనే న్యూరాలజిస్టుకు చూపించండి.

మా అన్నయ్యకు అచ్చం ఇలాగే జరిగింది. ఇంటికొచ్చాక తన పనులు తనే చేసుకున్నాడు, అందరితో ఫోన్లో మాట్లాడాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత మనిషి మందకొడిగా అయిపోయాడు. చొక్కా చేత్తో పట్టుకుని ఎలా వేసుకోవాలో తెలియక అలాగే నిలబడేవాడు. కాళ్లు ఈడుస్తూ చిన్న చిన్న అడుగులు వేసేవాడు. బట్టల్లోనే మూత్రం పోయేది. ఈ మాట చెప్పడానికి వదిన ఎంత ఇబ్బంది పడిందో! కానీ డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సిన విషయం అది. మొదట చూసినాయన డిప్రెషన్ అని మందులు రాశారు. ఇంకో డాక్టరు గ్యాస్ సంగతి వినగానే ఎమ్మారై తీయించారు. మెదడు లోపలి తెల్ల పదార్థం దెబ్బతిన్నట్టు అందులో కనిపించింది.

ఈ గ్యాస్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అయినా ఆక్సిజన్ పెడితే కొన్ని గంటల్లో రక్తంలోంచి పోతుంది. మెదడులో అప్పటికే మొదలైన హాని మాత్రం ఆగకపోవచ్చు. నరాల తీగల మీదుండే మైలిన్ పొర మెల్లగా పాడవుతుంది. అందుకే మధ్యలో బాగున్నట్టు కనిపించి, సాధారణంగా 2 నుంచి 40 రోజుల లోపు లక్షణాలు బయటపడతాయి. ఇప్పుడు రక్తపరీక్ష నార్మల్ వచ్చిందంటే దీన్ని కొట్టిపారేయడానికి లేదు.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. ఫిజియోథెరపీ, జ్ఞాపకశక్తికి సాధన, ఓపిక, ఇవే మాకు పనికొచ్చాయి. చాలామంది నెలల మీద, ఏడాదిలోపు బాగా తేరుకుంటారు, అందరూ పూర్తిగా కాదు. అన్నయ్యకు ముందు మాట వచ్చింది, తర్వాత నడక. లెక్కలు మాత్రం ఇప్పటికీ నిదానమే. తేరుకునేదాకా మీ నాన్నగారిని డ్రైవింగ్‌కు, పొయ్యికి దూరంగా ఉంచండి. ఫిట్స్ వచ్చినా, మింగలేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆ రోజు అదే గదిలో ఇంకెవరైనా ఉండి ఉంటే వాళ్లను కూడా గమనిస్తూ ఉండండి.

డిశ్చార్జ్ కాగితాలు, గ్యాస్ పీల్చిన తేదీ, మార్పు మొదలైన తేదీ రాసి పట్టుకెళ్లండి. ఆయన్ని అడిగితే ‘నాకేం లేదు, బాగానే ఉన్నా’ అనొచ్చు. కాబట్టి పక్కన కూర్చుని మీరే చెప్పండి.