18 నిండేలోపు మా బాబుకి ఏం నేర్పాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నామని, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న మీ బాబుకి 16 ఏళ్లని రాశారు. ఒకే పనితో మొదలుపెట్టండి: కొట్టుకెళ్లి పాలప్యాకెట్ తేవడం. మొదట పక్కనే నడవండి, కొన్నాళ్లకు పది అడుగులు వెనక, ఆపై వీధి మలుపులో ఆగిపోండి. చిల్లర తనే లెక్క చూసుకోవాలి. ఆలస్యమైతే మనకే టెన్షన్, మనమే చేసేయాలనిపిస్తుంది. అయినా ఆగండి, నేర్చుకునేది ఆ నిమిషంలోనే.

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. పేరు, ఊరు, ఫోన్ నంబరు రెండింట్లోనూ చెప్పగలగాలి. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే బోర్డులు తెలుగులోకి మారిపోతాయి కాబట్టి అక్షరాల కంటే గుడి, చెట్టు లాంటి గుర్తులు నేర్పడం మేలు.

18 నిండాక తల్లిదండ్రులు తమంతట తామే చట్టపరమైన సంరక్షకులు కారు. అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. అంతకుముందు బాబునే అడగండి, ఏ నిర్ణయాలు తను తీసుకోగలడో.