హోమ్ థియేటర్ గదిని ఇంటి లోన్‌లో కలిపేయొచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. 1,800 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంటున్నాం. కింద శ్లాబు పడింది, పై అంతస్తు గోడలు ఇంకా లేవలేదు. మొత్తం ఖర్చు వంద పాళ్లు అనుకుంటే అందులో 30 మా పొదుపు, 70 ఇంటి లోన్. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఇద్దరి చేతికొచ్చే జీతంలో 36 శాతం ఈఎంఐకే పోతుంది. పైన 12 అడుగులకు 12 అడుగుల గది ఒకటి ప్లాన్‌లో ఉంది, దాన్ని హోమ్ థియేటర్ చేద్దామని ఆర్కిటెక్ట్ అన్నారు. నాకు సినిమా అంటే ప్రాణం. మావారు మాత్రం దండగ అంటున్నారు. ఇంటీరియర్ వాళ్ల కొటేషన్ ప్రకారం ఇంటి ఖర్చుకు ఇంకో 14 పాళ్లు తోడవుతుంది. ‘లోన్‌లో కలిపేయండి మేడమ్, నెలకు తేడా కూడా తెలీదు, రేపు అమ్మినా ధర పెరుగుతుంది’ అంటున్నారు. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. పాప కాలేజీకి ఇంకా ఆరేళ్లు. దాని కోసం నెలనెలా కడుతున్న మదుపు రెండేళ్లు ఆపితే కొంచెం వెసులుబాటు వస్తుంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: గది పెట్టుకోండి. ఈ కొటేషన్‌ను మాత్రం వెనక్కి పంపండి. ‘దండగ’ అని మీవారు అన్నది సగం రైటు. మిగతా సగం ఎందుకు రైటు కాదో కూడా చెప్తాను.

ముందు ఆ ‘తేడా తెలీదు’ అన్న మాట సంగతి చూద్దాం. 70 పాళ్ల లోన్ 84 అయితే మీ ఈఎంఐ జీతంలో 36 శాతం నుంచి 43 శాతం దాటుతుంది. ఆ ఏడు శాతం ఎక్కడి నుంచి వస్తుందో మీ ప్రశ్నలో మీరే రాశారు: పాప చదువు డబ్బులోంచి. తేడా తెలిసింది కాబట్టే కదండీ మదుపు ఆపాలన్న ఆలోచన వచ్చింది. ఇక మొత్తం లెక్క. 8.5 శాతానికి 20 ఏళ్ల లోన్ అంటే వంద తీసుకుంటే 208 కడతాం. మీ 14 పాళ్ల థియేటర్‌కు చివరికి మీరు కట్టేది 29 పాళ్లు. పర్సనల్ లోన్ కన్నా ఇంటి లోన్ చవక అని మీకు అనిపించి ఉంటుంది. వడ్డీ రేటు చూస్తే చవకే. కానీ 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే వందకు 123 కట్టి బయటపడతాం. పర్సనల్ లోన్ తీసుకోమని నేను అనడం లేదు. రేటు ఒక్కటే చూసి లోన్ ఎంచుకుంటే గడువు మన నెత్తిన కూర్చుంటుందని అంటున్నాను, అంతే.

ఇప్పుడు మీరు పంపిన కొటేషన్ దగ్గరికి వద్దాం. అందులోని లైన్లన్నీ విడదీసి చూశాను. గది పని 6 పాళ్లు: గోడ ప్యానెళ్లు, ఫాల్స్ సీలింగ్, రెండో వరుస కుర్చీలకు మెట్టు వేదిక, వైరింగ్, తలుపు. సామాను 8 పాళ్లు: ప్రొజెక్టర్, 150 అంగుళాల స్క్రీన్, రిసీవర్ (బొమ్మను తెరకు, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె), పదకొండు స్పీకర్లు, సబ్‌వూఫర్ (లోతైన బేస్ శబ్దానికి విడి స్పీకర్), మోటారుతో వాలే రిక్లైనర్లు. ఒకే కాగితం మీద ఉన్నా ఈ రెండింటి ఆయుష్షు ఒకటి కాదు. గోడలో వేసిన పైపు, వైరు ఇల్లున్నంత కాలం ఉంటాయి. ప్రొజెక్టర్ అలా కాదు. ల్యాంప్ రకమైతే మామూలుగా 2,000 నుంచి 5,000 గంటల్లో ల్యాంప్ మార్చాలి. లేజర్ రకానికి కంపెనీలు 20,000 గంటలు చెప్తాయి. అయితే వీటిలో చాలావరకు అరిగిపోయి మూలన పడేవి కావు. పాతబడి పడేవే ఎక్కువ.

ఈ రంగం చరిత్రంతా అదే. బ్లూరేతో పోటీపడిన హెచ్‌డీ డీవీడీని 2008 ఫిబ్రవరిలో తోషిబా వదిలేసింది. కొన్నవాళ్ల ప్లేయర్లు బాగానే పనిచేస్తున్నాయి, వేసుకోవడానికి కొత్త డిస్కులే రాలేదు. 2010లో త్రీడీ టీవీ లేకపోతే ఇంట్లో ఏదో లోటన్నంత హడావుడి జరిగింది. 2017కల్లా ఎల్‌జీ, సోనీ కూడా వాటిని ఆపేశాయి. బొమ్మను, శబ్దాన్ని ఒకే కేబుల్‌లో పంపే పద్ధతి హెచ్‌డీఎంఐ. 2013లో దాని 2.0 వెర్షన్ వచ్చాక అంతకుముందు కొన్న రిసీవర్లు 4కే (మరింత స్పష్టమైన) బొమ్మను పూర్తి వేగంతో పంపలేకపోయాయి. నాలుగేళ్లు తిరిగేసరికి 2.1 వచ్చింది. తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ ఇళ్లలోకి వచ్చింది 2014లోనే, సీలింగ్ స్పీకర్ల ఖర్చు అప్పుడే మొదలైంది. 2020లో సినిమా హాళ్లు మూతపడి జనం ఇళ్లకే పరిమితమైనప్పుడు, కొత్త సినిమాలు నేరుగా ఇంటికే రావడం మొదలయ్యాక, ప్లాన్‌లోనే థియేటర్ గది అడగడం మామూలైపోయింది. గది అడిగేవాళ్లు పెరిగినంత మాత్రాన సామాను ఆయుష్షు పెరగలేదు. నేనైతే ఎలక్ట్రానిక్స్‌కు ఏడేళ్లే లెక్క వేస్తాను. స్పీకర్లు మాత్రం మినహాయింపు. యాంప్లిఫయర్ లోపల లేని మామూలు స్పీకర్లు మంచివి కొంటే ఇరవై ఏళ్లయినా పాడతాయి.

అంటే మీరు ఏడేళ్ల వస్తువుకు ఇరవై ఏళ్ల అప్పు చేయబోతున్నారు. ప్రొజెక్టర్ పాత సామాన్ల వాడికి వెళ్లాక కూడా పదమూడేళ్లు దాని వాయిదా కడుతూనే ఉంటారు. ఈలోపు దాని స్థానంలో కొత్తది కొనాలి, దానికి ఇంకో అప్పు.

మరో రకంగా చెప్తాను. వారానికి రెండు సినిమాలు, మొత్తం ఐదు గంటలు చూస్తారనుకుందాం. ఏడాదికి 260 గంటలు, ఏడేళ్లకు 1,820 గంటలు. సామాను ఖర్చు 8 పాళ్లు మీ ఇద్దరి జీతం కలిపితే దాదాపు 4.7 నెలలకు సమానం. నెలకు 200 గంటల ఉద్యోగం లెక్కన సుమారు 950 గంటలు. అప్పు లేకుండా చేతి డబ్బుతో కొంటే గంట సినిమాకు మీ ఇద్దరి అరగంట ఉద్యోగం ఖర్చవుతుంది. ఇది నాకు తప్పుగా కనబడటం లేదు. ప్రాణమైన ఇష్టానికి అరగంట కష్టం ఎక్కువేం కాదు, మీవారితో నేను ఏకీభవించనిది ఇక్కడే. అదే 20 ఏళ్ల లోన్‌లో కలిపితే ఆ అరగంట కాస్తా గంటా ఐదు నిమిషాలవుతుంది. సినిమా చూసే సమయం కన్నా దాని కోసం పనిచేసే సమయమే ఎక్కువ.

‘లోన్‌లో కలిపేయడం’ అంటే ఏమిటో కూడా ఇంటీరియర్ వాళ్లను సూటిగా అడగండి. ఇంటి నిర్మాణ రుణం కట్టడం విలువ చూసి, పని జరిగిన మేరకు విడతలుగా ఇచ్చేది. ప్రొజెక్టర్, సోఫాల బిల్లును సివిల్ పని కింద రాసి ఎస్టిమేట్ పెంచుదామన్నది వాళ్ల ఉద్దేశమైతే, సంతకం పెట్టేది మీరు. అబద్ధపు ఎస్టిమేట్ బయటపడితే ఇరుక్కునేదీ మీరే. లోన్‌లో దేన్ని కలపొచ్చు అన్నది మాత్రం అడగాల్సింది ఇంటీరియర్ వాళ్లను కాదు, రుణం ఇచ్చేవాళ్లను. అదీ రాతపూర్వకంగా.

ఇప్పుడు 8 పాళ్ల సామాను నిజంగా కావాలా అన్నది. మీ గది పొడవు 12 అడుగులు. వెనక గోడకు ఆనుకోకుండా కూర్చుంటే స్క్రీన్‌కు, కళ్లకు మధ్య పది అడుగులు కూడా కష్టమే, సరే, పది అనుకుందాం. సినిమా ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఎంపీటీఈ సూచన ప్రకారం బొమ్మ మన చూపులో కనీసం 30 డిగ్రీలు ఆక్రమించాలి. హాల్లో కూర్చున్న అనుభూతి కావాలనుకునేవాళ్లు 40 డిగ్రీలు పెట్టుకుంటారు. పది అడుగుల దూరంలో 40 డిగ్రీలకు 100 అంగుళాల స్క్రీన్ చాలు. 30 డిగ్రీలకు 75 అంగుళాల టీవీ సరిపోతుంది. 150 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 11 అడుగులు. పది అడుగుల నుంచి దాన్ని చూడటమంటే మొదటి వరుసలో మెడ తిప్పుకుంటూ చూడటమే, అందుకోసం టికెట్ డబ్బులు కట్టేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా 12 అడుగుల గదిలో రెండో వరుస ఎక్కడ వేస్తారు? మెట్టు వేదిక, రెండో వరుస రిక్లైనర్లు కొట్టేయండి. పదకొండు స్పీకర్ల బదులు ముందు మూడు, పక్కన రెండు, ఒక సబ్‌వూఫర్. దీన్నే 5.1 అంటారు. సీలింగ్ స్పీకర్లకు వైరు మాత్రం వేసి వదిలేయండి, బుద్ధి పుట్టినప్పుడు బిగించుకోవచ్చు. ఈ మార్పులతో, మీ కొటేషన్ ధరలతోనే, 8 పాళ్లు 4కు దిగుతుంది.

గది పనిలో నన్ను ఎక్కువ విసిగించిన లైన్ ‘సౌండ్‌ప్రూఫింగ్’. కింద వివరణలో రాసింది గోడకు అతికించే ఫోమ్ ప్యానెళ్లు. ఇవి గదిలోపల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. ఆపేది బరువు, సందులు లేకపోవడం. మందమైన గోడ, నిండు చెక్క తలుపు, దాని నాలుగు అంచులా రబ్బరు పట్టీ. అదే కొటేషన్‌లో తలుపు దగ్గర చూస్తే లోపల డొల్లగా ఉండే ఫ్లష్ డోర్ రాసి ఉంది! ఫోమ్‌కు పెట్టే దాంట్లో కొంత తలుపుకు మళ్లిస్తే, రాత్రి పదింటికి మీరు సినిమా చూస్తుంటే పక్క గదిలో పాప చదువుకోగలుగుతుంది.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. 12కు 12 చదరపు గది ధ్వనికి మంచిది కాదు. పొడవు, వెడల్పు సమానమైతే రెండు వైపులా ఒకే బేస్ స్వరం, మీ గదికి 47 హెర్ట్జ్ దగ్గర, ఉబ్బిపోతుంది. ఒక కుర్చీలో గుండె అదురుతుంది, పక్క కుర్చీలో ఏమీ వినిపించదు. ఇలాంటి గదిలో ఎంత ఖరీదైన సబ్‌వూఫర్ పెట్టినా ఇదే గోల. పై గోడలు ఇంకా లేవలేదన్నారు కాబట్టి అడ్డుగోడను మూడు అడుగులు జరపగలరేమో ఆర్కిటెక్ట్‌ను అడగండి. 12కు 15 అయితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, కూర్చునే దూరమూ కలిసొస్తుంది.

ఇప్పుడే చేయకపోతే తర్వాత గోడలు పగలగొట్టాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి మాత్రం లోన్ డబ్బు వాడండి, ఎందుకంటే అవి ఇంటి ఆయుష్షు ఉన్నవి. రెండు అంగుళాల కండ్యూట్ పైపు (గోడలో వైర్లు వెళ్లే గొట్టం) ప్రొజెక్టర్ స్థానం దాకా ఖాళీగా వేసి, లోపల లాగుడు తాడు ఉంచమనండి. మామూలు హెచ్‌డీఎంఐ రాగి కేబుల్ ఐదారు మీటర్లు దాటితే 4కే దగ్గర తడబడుతుంది, అప్పుడు ఫైబర్ కేబుల్ లాగాలి, పైపు లేకపోతే దారి ఉండదు. విడి సర్క్యూట్, సరైన ఎర్తింగ్, స్పీకర్ వైర్లు, గాలి వచ్చిపోయే ఏర్పాటు, ఆ తలుపు. మూసిన గదిలో మనిషికి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది, పైగా సామాను వేడి. గాలి దారి మరిచిపోయిన గదుల్లో సెకండాఫ్ చూడలేం. కొటేషన్‌లో ఈ లైన్లన్నీ కలిపితే 2 పాళ్లు. లోన్ 72 అవుతుంది, ఈఎంఐ 37 శాతం.

ధర పెరుగుతుందన్న మాట నమ్మకండి. కొనేవాడు పడక గదులు లెక్కపెడతాడు. కిటికీ మూసేసి, వేదిక కట్టి, నల్ల రంగేసిన గది అతని లెక్కలో పడక గది కాదు, బాగు చేయించుకోవాల్సిన పని. అందుకే కిటికీ తీసేయొద్దు, వెలుగు రాని మందపాటి తెర వేసుకోండి. రేపు మీ అత్తగారో మీ అమ్మగారో వచ్చి ఉండాల్సి వచ్చినా ఆ గది పనికొస్తుంది.

డబ్బు వరస ఇలా పెట్టుకోండి. థియేటర్ మొత్తం లోన్‌లో వేస్తే ఈఎంఐ 43 అయ్యేది, ఇప్పుడు 37. పాప మదుపు ఆపకుండా, మిగతా ఖర్చుల్లోంచి ఆ ఆరు శాతం మిగల్చగలిగితే అది ముందు అత్యవసర నిధిలోకి పోవాలి. ఇంటి లోన్ నెత్తిన ఉన్నప్పుడు రెండు నెలల నిధి నాకు నిద్ర పట్టనివ్వదు, ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చులకు చేరాలి. ఏటా వచ్చే బోనస్‌లు, ఇంక్రిమెంట్లూ అందులోకే. అది నిండాక అదే ఆరు శాతం థియేటర్ ఖాతాలోకి వెళ్తే, వడ్డీ లెక్కేయకుండానే దాదాపు 39 నెలల్లో 4 పాళ్లు చేరతాయి. అప్పటిదాకా ఆగలేరు, తెలుసు. మధ్యలో ముందు రెండు స్పీకర్లు, రిసీవర్ కొని ఇప్పుడున్న టీవీకి తగిలించుకోండి. స్పీకర్లు పాతబడవు కాబట్టి ముందు కొన్నా నష్టం లేదు. టీవీ చివర కొనండి, పెద్ద టీవీల ధరలు ఏళ్లు గడిచేకొద్దీ దిగుతూ వచ్చాయి.

పాప చదువు మదుపు మాత్రం ముట్టుకోవద్దు. ఆరేళ్లలో మొదటి రెండేళ్ల డబ్బే ఎక్కువ కాలం పెరుగుతుంది, ఆపితే పోయేది ఆ భాగమే.

సామాను కొన్నాక రెండు పనులు. దాని ధరను 84తో (ఏడేళ్లంటే 84 నెలలు) భాగించి, వచ్చినంత ప్రతి నెలా పక్కన పెట్టండి, ఏడేళ్ల తర్వాత కొత్తది అప్పు లేకుండా వస్తుంది. రెండోది, లోన్‌తో పాటు అంటగట్టే ఇంటి బీమా చాలాసార్లు కట్టడానికే వర్తిస్తుంది. ఇంట్లోని వస్తువులకు విడిగా తీసుకోవాలి, పాలసీలో విద్యుత్ హెచ్చుతగ్గుల వల్ల కాలిపోయిన సామానుకు పరిహారం ఉందో లేదో చదివి మరీ తీసుకోండి.

ఈ వారం చేయాల్సింది అడ్డుగోడ, కండ్యూట్ సంగతి ఆర్కిటెక్ట్‌తో తేల్చుకోవడం. ఇంటీరియర్ వాళ్లను గది పనికి ఒకటి, సామానుకు ఒకటి, రెండు వేర్వేరు కొటేషన్లు అడగండి. సామాను కొటేషన్‌లో ప్రతి వస్తువు మోడల్ నంబర్‌తో ఉండాలి. విడిగా ఇవ్వం, ప్యాకేజీగానే ఇస్తామంటే వేరేవాళ్లను చూసుకోండి.