విడుదలై వచ్చే అబ్బాయికి పెదనాన్న రాసిన లేఖ

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

వచ్చే నెలలో నీ శిక్ష పూర్తవుతుందని కోడలు చెప్పింది. అదే కడప కేంద్ర కారాగారంలో ఆరేళ్లు గడిపినవాణ్ణి కనుక, ములాఖత్‌లో తీరికగా చెప్పలేని సంగతులు రాస్తున్నాను.

వచ్చేముందు, లోపల చేసిన పనికి జమ అయిన కూలి లెక్క సరిచూసుకొని సంతకం పెట్టు. విడుదల కాగితం భద్రంగా తెచ్చుకో. నువ్వు వెళ్లేనాటికి మన చంద్రగిరి చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రేషన్ కార్డు, ఆధార్ ఓసారి సరిచూసుకోవాలి. ఓటు గురించి కూడా చెప్పాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయనివ్వదు. అది తెలియక, నా ఓటు శాశ్వతంగా పోయిందనుకొని రెండు ఎన్నికలకు ఇంట్లోనే కూర్చున్నాను.

అసలు కష్టం ఇంట్లోనే ఉంటుంది నాయనా. నేను వచ్చిన మొదటి వారంలోనే, యజమానినన్న ధీమాతో, పాల డబ్బు ఏమైందని మీ పెద్దమ్మను అడిగాను. ఆమె మారుమాట లేకుండా లెక్కల పుస్తకం నా ముందు పెట్టి పశువుల దగ్గరికి వెళ్లిపోయింది. వకీలు ఫీజు, నన్ను చూడడానికి వచ్చిన ప్రతిసారీ అయిన బస్సు చార్జీ, వాటికోసం అమ్మిన దూడ ధర తేదీలతో సహా అందులో ఉన్నాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కోడలు కూడా ఇన్నేళ్లుగా ఇంటిని, అప్పులను, పిల్లల చదువును ఒంటరిగా నెట్టుకొచ్చింది. బీరువా తాళాలు తానుగా ఇచ్చేదాకా అడగవద్దు. పిల్లవాడు నీతో మాట్లాడకపోతే గద్దించకు.

అవతలి కుటుంబం దగ్గరికి క్షమాపణ అంటూ తొందరపడి వెళ్లకు, గంగమ్మ జాతరలో ఎదురుపడితే నువ్వే పక్కకు తప్పుకో. పని విషయానికి వస్తే, తోతాపురి మామిడి కోత మొదలయ్యాక చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలలో సీజన్ కూలీలు కావాలి. చేరేముందు నీ సంగతి మేస్త్రీకి నువ్వే చెప్పు, ఇంకొకరి నోట వింటే నమ్మకం పోతుంది.

విడుదల రోజున గేటు దగ్గరికి నేనొక్కణ్ణే వస్తాను. రైల్వే కోడూరు మీదుగా బస్సులో వచ్చేద్దాం, సాయంత్రానికి ఇల్లు చేరతాం.

ఇట్లు,
మీ పెదనాన్న