మందుల షాపు బిల్లు: ఒక టేబుల్ చాలదా?

ప్రశ్న: మా బాబాయి మందుల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాను. బిల్లు నంబరు, తేదీ, కస్టమరు పేరు, ఫోను, మందు1, మందు2, మందు3, ధరలు, కంపెనీ, కంపెనీ ఫోను, అన్నీ ఒకే టేబుల్లో పెట్టాను. బాగానే నడుస్తోంది. మా సీనియర్ మాత్రం థర్డ్ నార్మల్ ఫామ్ (ఒకే వివరం పదిచోట్ల పడకుండా టేబుళ్లు విడగొట్టే పద్ధతిలో మూడో మెట్టు) దాకా విడగొట్టమంటున్నాడు. అన్ని టేబుళ్లయితే వాటిని మళ్లీ కలిపి చదివే జాయిన్లతో స్లో అవదా సార్?
– ఒక బీటెక్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాలుగు మందులు కొనేవాళ్లు వచ్చేదాకా బాగానే నడుస్తుంది! బీపీ, షుగరు రెండూ ఉన్న పెద్దాయన చీటీ తెచ్చాడంటే మందు9 దాకా కాలమ్స్ పెంచాలి, పారాసెటమాల్ ఎన్ని అమ్మామో తెలియాలంటే ఆ తొమ్మిదింట్లోనూ వెతకాలి. కొన్న ఒక్కో మందుకీ ఒక్కో వరుస ఉండాలి. ఫస్ట్ నార్మల్ ఫామ్ అడిగేది ఇదే.

ఆ తర్వాత ప్రతి కాలమ్‌నీ పట్టుకుని ఇది దేని వివరం అని అడగండి. తేదీ, కస్టమరు బిల్లువి, కాబట్టి బిల్లు టేబుల్లోకి. కంపెనీ ఫోను కంపెనీది, కాబట్టి కంపెనీ టేబుల్లోకి. దాన్ని బిల్లు వరుసల్లో ఉంచితే నంబరు మారినప్పుడు వందల చోట్ల దిద్దాలి, ఇంకా ఒక్క స్ట్రిప్పూ అమ్ముడుపోని కంపెనీ నంబరు రాసుకోవడానికి చోటే ఉండదు. ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ (డేటాని టేబుళ్లుగా పెట్టే పద్ధతి) ప్రకటించి, 1971లో సెకండ్, థర్డ్ నార్మల్ ఫామ్‌లు చెప్పింది ఇలాంటి చిక్కులు తప్పించడానికే.

ధర దగ్గర మాత్రం చాలామంది పప్పులో కాలేస్తారు. ఎంఆర్‌పీ, ఎక్స్‌పైరీ మందువి కావు, బ్యాచ్‌వి. ఒకే మాత్ర, పాత బ్యాచ్ ఒక రేటు, కొత్త బ్యాచ్ ఇంకో రేటు. అందుకని బ్యాచ్‌కి వేరే టేబుల్, దాని కీ (ఒక్కో వరుసని విడిగా గుర్తుపట్టేది) మందు, బ్యాచ్ నంబరు రెండూ కలిపి. అలాగని అమ్మిన ధర, జీఎస్టీ రేటు బిల్లు వరుసలోంచి తీసేయకండి, అది డూప్లికేట్ కాదు, ఆ రోజు జరిగిన లావాదేవీ. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, రేటు మందు టేబుల్లోనే ఉంటే ఆ ఏడాది ఆగస్టు బిల్లు ఇప్పుడు ప్రింట్ తీసినా 5 శాతమే పడుతుంది, అది తప్పుడు బిల్లు.

జాయిన్ల గురించి టెన్షన్ వద్దు. ఫారిన్ కీలకి (ఇంకో టేబుల్ వరుసని చూపించే కాలమ్స్‌కి) ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి సూచిక, పెడితే ఒక షాపు లెక్కలు డేటాబేస్‌కి ఒక మూలకి రావు. కస్టమరు ఫోన్ నంబరుని మాత్రం ప్రైమరీ కీ (టేబుల్ ప్రధాన కీ) చేయకండి, ఇంట్లో నలుగురూ అదే నంబరు చెప్తారు.